చూశానని రాసిచ్చింది

మందుల గోడౌన్‌లో రెండు ఇన్సులిన్ పెట్టెలు కనిపించడం లేదని గురువారం ఉదయం తెలిసింది. ముందుగా గమనించింది కోల్డ్‌రూమ్ చూసుకునే ఆవిడే. రోజూలాగే దళసరి కోటు తొడుక్కుని లోపలికి వెళ్ళి, గోడకున్న థర్మామీటరు చూసి, అరలన్నీ ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వచ్చింది. మూడో వరసలో, అన్నిటికంటే కింది అరలో, రెండు అట్టపెట్టెలు ఉండవలసిన చోట ఖాళీ ఉంది. పక్క పెట్టెలు జరిపి చూసింది. వెనక చెయ్యి పెట్టి చూసింది. వేళ్ళు కొంకర్లు పోయేదాకా వెతికి, బయటికి వచ్చి మేనేజరుకి చెప్పింది.

ఆవిడకి నలభై ఏళ్ళు. ఆ గోడౌన్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. పెళ్ళితో ఆగిపోయిన చదువును రెండేళ్ళ కిందట మళ్ళీ అందుకుని సైకాలజీ డిగ్రీలో చేరింది. వారమంతా ఉద్యోగం, ఆదివారం పది నుంచి నాలుగు దాకా క్లాసులు. అవి చిన్నపిల్లల బడిలో జరిగేవి కాబట్టి, మోకాళ్ళు బల్లకి కొట్టుకుంటుంటే ఒక పక్కకి ఒరిగి కూర్చుని రాసుకునేది. ఈ సంగతి తెలిశాక గోడౌన్‌లో ఆవిడ పేరు పోయి 'మనసక్క' మిగిలింది. పక్కన ఎవరైనా కూర్చుంటే, జాగ్రత్త, కడుపులో ఉన్నదంతా చదివేస్తుంది అని మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. ఇంట్లో అత్తగారు నవ్వేది కూడా కాదు. కోడలు పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే మొహం గోడవైపు తిప్పుకునేది. మనసులో తిట్టుకున్నవి కూడా తెలిసిపోతే ఇంక ఈ ఇంట్లో బతకడం ఎట్లా అని కొడుకు దగ్గర మొరపెట్టుకుంది.

పెట్టెలు పోయిన రోజు నుంచి గోడౌన్ గాలి మారిపోయింది. కోల్డ్‌రూమ్ తలుపుకి నంబరు తాళం. ఆ నంబరు తెలిసినవాళ్ళు నలుగురే. మేనేజరు, ఆవిడ, ప్యాకింగ్ చూసే పెద్దాయన, పెట్టెల బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మావటి. ఫోర్క్‌లిఫ్ట్‌కి అక్కడివాళ్ళు ఏనుగని పేరు పెట్టుకున్నారు కాబట్టి దాన్ని నడిపే మనిషి మావటి అయ్యాడు. నంబరు తెలిసింది నలుగురికే అయినా అనుమానం నలుగురి దగ్గర ఆగలేదు. సాయంత్రం ఇళ్ళకి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర సంచులు విప్పి చూపించమన్నారు. అంతకుముందెప్పుడూ తాళం వేయని అలమరలకి తాళాలు పడ్డాయి. ఎవరైనా గట్టిగా నవ్వితే వీడికి ఇంత ధైర్యమేమిటి అనుకున్నారు, నవ్వకపోతే వీడికి ఇంత భయమేమిటి అనుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకముందే ప్యాకింగ్ పెద్దాయన ఏ రోజు ఏ గంటకి తను ఎక్కడున్నాడో అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

మంగళవారం ఉదయం పెట్టెలు ఉన్నాయని ఆవిడకి గట్టిగా తెలుసు. బుధవారం బస్సు చెడిపోయి ఆలస్యంగా రావడంతో అరలు చూడలేదు. మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ గంటసేపు కరెంటు పోయింది. కోల్డ్‌రూమ్‌కి జనరేటరు ఉంది గాని కెమెరాలకి లేదు. దొంగతనమంటూ జరిగితే ఆ గంటలోనే జరిగి ఉండాలని మేనేజరు తేల్చేశాడు. హెడ్డాఫీసు సోమవారంలోగా జవాబు చెప్పమంది.

శుక్రవారం ఆయన ఆవిడని తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఇద్దరిని పిలిచి అడుగుతాననీ, ఆవిడ ఒక పక్కన కూర్చుని వాళ్ళ మొహాలు గమనించాలనీ చెప్పాడు.

"మీరు చదివేది ఇదే కదమ్మా. ఎవరు అబద్ధం చెబుతున్నారో మీకు తెలిసిపోదూ?"

అలాంటి విద్య ఏదీ తమ పుస్తకాల్లో లేదని ఆవిడకి తెలుసు. మొహం చూసి అబద్ధం పట్టేస్తామనుకునేవాళ్ళు మామూలు మనుషులకంటే ఎక్కువేమీ పట్టలేరని క్లాసులో మేడమ్ మొదటి ఏడాదే చెప్పింది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పదకొండేళ్ళలో మేనేజరు కుర్చీ చూపించి మాట్లాడటం అదే మొదటిసారి. పైగా నంబరు తెలిసిన నలుగురిలో తనూ ఒకతె. ఆ పక్కన కుర్చీలో కూర్చుంటే ఎదురు కుర్చీలో కూర్చోవలసిన అవసరం తప్పుతుంది. సరే సార్ అంది.

ప్యాకింగ్ పెద్దాయన అడిగినదానికల్లా రాయిలా జవాబిచ్చి వెళ్ళిపోయాడు. తర్వాత మావటి వచ్చాడు. అతను ఆవిడకంటే మూడు నాలుగేళ్ళు చిన్న. గోడౌన్‌లో అందరికంటే ముందు ఆవిడని అక్కా అని పిలిచింది అతనే. ఆ రోజు అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంగళవారం భోజనాల వేళ ఎక్కడున్నావంటే ముందు ఇక్కడే అన్నాడు. ఇక్కడంటే ఎక్కడ అని రెట్టిస్తే, కాదు కాదు, బయటికి వెళ్ళానన్నాడు. ఏ గేటు నుంచి అంటే నోరు మెదపలేదు. నీళ్ళ గ్లాసు అందుకోబోయి బల్ల మీద ఒలకబోశాడు. ఆ నీళ్ళు చేత్తో తుడుస్తూ ఆవిడవైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

అతను వెళ్ళాక మేనేజరు కనుబొమలు ఎగరేశాడు. ఆవిడ తల ఊపింది.

ఆ సాయంత్రం భర్తకి ఇదంతా చెప్పింది. ఆయనది గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం. కంటికి అద్దం బిగించుకుని, చిన్న పట్టకారుతో ఏదో స్ప్రింగు పట్టుకుని, తల ఎత్తకుండానే విన్నాడు. తడబడటం, చూపు దించుకోవడం, మాట మార్చడం, అన్నీ ఒకచోట కలిశాయని ఆవిడ వేళ్ళు మడిచి చెప్పింది.

"నువ్వు ఈ గొంతుతో అడిగితే నేనూ తడబడతాను. అంతమాత్రాన నేనేం ఎత్తుకొచ్చాను?" అన్నాడాయన.

ఆవిడకి కోపం వచ్చింది. గడియారాల సంగతి వేరు, మనుషుల సంగతి వేరు అని లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం ఉదయం మేనేజరు మళ్ళీ పిలిచాడు. తల ఊపడం కాగితం మీద పనికిరాదు, హెడ్డాఫీసు వాళ్ళకి చూసిన మనిషి కావాలన్నాడు. ఆవిడ రోజూ భోజనం చేసేది కోల్డ్‌రూమ్ తలుపుకి ఎదురుగా ఉన్న బల్ల మీదే కదా అని గుర్తుచేశాడు. మంగళవారం కూడా అక్కడే కూర్చుని ఉంటారు, మావటి ఆ తలుపులోంచి రావడం చూడలేదా అని అడిగాడు.

"చూసినట్టే ఉంది సార్."

"చూశారా, చూసినట్టుందా?"

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. బొమ్మ స్పష్టంగా కనబడింది. మావటి తలుపుని వీపుతో నెట్టుకుంటూ వస్తున్నాడు. ఒంటి మీద కోటు లేదు. అట్టపెట్టె ఒకటి గుండెకి హత్తుకున్నాడు. చలికి నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఇంత వివరంగా కనబడేది అబద్ధమెలా అవుతుంది?

"చూశాను," అంది.

కాగితం మీద అదే రాసి సంతకం పెట్టింది. గంటలో మావటిని పిలిచి, విచారణ పూర్తయ్యేదాకా పనిలోకి రావద్దని చెప్పారు. అతను చేతి తొడుగులు తీసి ఫోర్క్‌లిఫ్ట్ సీటు మీద పెట్టి, గేటు వైపు వెళ్ళబోతూ ఆవిడ బల్ల దగ్గర ఆగాడు.

"అక్కా, నువ్వు చూశావా?"

"చూశాను."

అతను చూశావేమో అన్నట్టు తల ఆడించి వెళ్ళిపోయాడు. ఆ తల ఆడించడం కూడా ఆవిడకి నేరం ఒప్పుకున్నట్టే కనిపించింది.

ఆదివారం పొద్దున్నే లేచి ఆవిడ క్లాసు పని ముందేసుకుంది. నెల రోజులుగా ఒక అసైన్‌మెంట్ నడుస్తోంది. రోజూ తాము చూసిందీ, చేసిందీ, అనిపించిందీ ఏ రోజుది ఆ రోజే నోటుపుస్తకంలో రాయాలి. కొట్టివేతలు ఉండకూడదు, తర్వాత దిద్దకూడదు. ఆ రోజుతో గడువు అయిపోతుంది. పేజీలకి అంకెలు వేస్తూ వచ్చిన ఆవిడ చెయ్యి మంగళవారం పేజీ దగ్గర ఆగింది.

'మధ్యాహ్నం కరెంటు పోయింది. కింద చీకటిగా ఉందని పై అంతస్తులో కిటికీ దగ్గర తిన్నాను. భయం గురించిన పాఠం సగం చదివాను. కోల్డ్‌రూమ్ గురించి కంగారు పడ్డాను. జనరేటరు మోత వినబడ్డాక కుదుటపడ్డాను. కరెంటు వచ్చాకే కిందికి దిగాను.'

అక్షరాలు తనవే. పై అంతస్తు కిటికీలోంచి వెనక వీధి తప్ప కోల్డ్‌రూమ్ తలుపు కనబడదు. అయినా ఆవిడ ఊరుకోలేదు. మధ్యలో మంచినీళ్ళకి కిందికి వెళ్ళి ఉంటానేమో, రాయడం మరిచిపోయి ఉంటానేమో అని తనతో తనే వాదించింది. వెనక పేజీలు తిప్పింది. అంతకుముందు వారం శుక్రవారం దగ్గర ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. పగిలిన సీసాల పెట్టెను వాపసు పంపడానికి మావటి కోల్డ్‌రూమ్‌లోంచి తెచ్చాడనీ, కోటు వేసుకోకుండా వెళ్ళినందుకు తను కోప్పడ్డాననీ, అతను నవ్వి నోటితో ఆవిరి ఊదాడనీ.

కళ్ళు మూసుకుంటే కనబడిన బొమ్మ అదే. రోజే వేరు.

ఆవిడ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. వంటింట్లోంచి తొంగిచూసిన అత్తగారు, తన గురించే ఏదో కనిపెట్టిందనుకుని కాబోలు, చప్పుడు కాకుండా వెనక్కి తగ్గింది.

క్లాసు మొదలవక ముందే ఆవిడ మేడమ్‌ని వరండాలో పట్టుకుంది. మేడమ్ ఆవిడకంటే పదేళ్ళు చిన్న. రెండు పేజీలూ చదివి, జరిగిందంతా ఓపిగ్గా విన్నది. మనుషుల జ్ఞాపకం ఇలాగే చేస్తుందనీ, ఒక రోజు చూసినదాన్ని తీసుకెళ్ళి ఎదుటివాళ్ళు అడిగిన రోజులో అతికిస్తుందనీ, అబద్ధం చెప్పిన మనిషికంటే ఇలా పొరబడిన మనిషే గట్టిగా నొక్కి చెబుతుందనీ వివరించింది. అందులో మీ తప్పేం లేదు అంటుందేమోనని ఆవిడ ఎదురుచూసింది. మేడమ్ ఆ మాట అనలేదు.

"మీరు రాసిచ్చిన కాగితం ఇప్పుడు ఎక్కడుంది?" అని మాత్రం అడిగింది.

"మేనేజరు దగ్గర. రేపు హెడ్డాఫీసుకి పోతుంది."

"అయితే రేపు పొద్దున్నే వెళ్ళండి."

ఆవిడ సోమవారం అందరికంటే ముందు వెళ్ళింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఇంకో ఆలోచన తొలిచింది. తను చూడలేదు సరే. అతను తీయలేదని ఎవరు చెప్పారు? నిజంగానే తీసి ఉంటే? ఒక దొంగని తన చేతులారా విడిపించబోతోందేమో. దిగే స్టాపు వచ్చేసరికి ఒక్కటి మాత్రం తేలింది. అతను తీసి ఉండవచ్చు, తీయకపోనూ వచ్చు. ఆవిడ మాత్రం చూడలేదు.

మంగళవారం తను చూడలేదని ఆవిడ రాసిచ్చిన రెండో కాగితాన్ని మేనేజరు రెండుసార్లు చదివాడు.

"శనివారం చూశానన్నారు. ఇవాళ చూడలేదంటున్నారు. ఇందులో ఏది అబద్ధమమ్మా?"

"అబద్ధం ఏదీ కాదు సార్. మొదటిది పొరపాటు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆవిడ మొహంలోకి చూడటం మొదలుపెట్టాడు. మావటి ఇంటికి వచ్చాడా, ఎవరైనా బెదిరించారా, నిన్న సెలవు రోజున ఎవరెవరిని కలిశారు అని వరసగా అడిగాడు. అడుగుతుంటే ఆవిడకి జవాబు తెలిసిన ప్రశ్నలకి కూడా మాట తడబడింది. చూపు బల్ల మీదికి దిగిపోయింది. దిగిపోతోందని తెలుస్తూనే ఉంది, ఎత్తడం చేతకాలేదు.

మధ్యాహ్నానికి కోల్డ్‌రూమ్ తలుపు నంబరు మార్చేశారు. కొత్త నంబరు ఆవిడకి చెప్పలేదు. పెట్టెలకి లేబుళ్ళు అంటించే పనిలోకి మార్చారు. హెడ్డాఫీసుకి రెండు కాగితాలూ వెళ్ళాయనీ, వాళ్ళు ఏదీ తేల్చుకోలేక మావటిని ఇంటి దగ్గరే ఉండమన్నారనీ తెలిసింది. ఆవిడ బల్ల మీద కూర్చుంటే పక్కవాళ్ళు లేచి ఇంకో బల్లకి పోయారు. ప్యాకింగ్ పెద్దాయన ఆవిడకి వినబడేంత దూరంలోనే తోడుదొంగలన్న మాట వాడాడు. మనసక్క అనే పిలుపు ఆ వారంలోనే పోయింది. కొత్తదేదీ పెట్టలేదు, అసలు పిలవడమే మానేశారు.

బుధవారం సాయంత్రం ఆవిడ అడ్రసు కనుక్కుని మావటి ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తు. మెట్ల పక్కన తాడు మీద చేతి గుడ్డలంత చొక్కాలు బారుగా ఆరేసి ఉన్నాయి. తలుపు తీసింది అతని భార్య. భుజం మీద ఒక పసిపిల్ల. లోపల ఇంకో పసిగొంతు ఏడుస్తోంది. పెళ్ళయిన పదహారేళ్ళకి వాళ్ళకి కవలలు పుట్టారనీ, రెండు నెలలు నిండాయనీ ఆవిడకి తెలుసు. గోడౌన్‌లో అందరితోపాటు తనూ అభినందించింది. అక్కడితో మరిచిపోయింది.

మావటి రెండో బిడ్డని ఎత్తుకుని వచ్చి నిలబడ్డాడు. ఆవిడ కూర్చోకుండానే చెప్పింది. తను చూడలేదని, అది వేరే రోజని, సోమవారమే రాసిచ్చానని. అతను మొత్తం విని బిడ్డని ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఆ రోజు నువ్వు చూశానంటే నేను కూడా వెళ్ళానేమో అనుకున్నానక్కా. నిద్రలేక నాకు ఏ రోజు ఏం చేశానో తెలియడం లేదు."

మంగళవారం భోజనాల వేళ అతను ఖాళీ అట్టల కట్టల వెనక పడుకున్నాడట. గంట అనుకుంటే గంటన్నర అయిపోయిందట. పనివేళలో నిద్రపోయే మనిషి చేతికి ఫోర్క్‌లిఫ్ట్ ఎవరిస్తారు? అందుకే ఎక్కడున్నావంటే నోరు పెగల్లేదు. ఈ సంగతి మేనేజరుకి చెబుదామని ఆవిడ అంటే అతను ఒప్పుకోలేదు.

"నా గురించి ఇంక ఎవరికీ ఏమీ చెప్పొద్దు. మంచైనా సరే."

ఆవిడ గడప దాటుతుంటే అతని భార్య అంది.

"మీరు చదివేది మనుషుల గురించేనట. రెండు నెలల నుంచి ఈయన కళ్ళు రోజూ చూస్తూనే ఉన్నారు కదా, ఏం చదివారు?"

ఆవిడ మెట్లు దిగుతుంటే, అట్టల వెనక నిద్ర అన్నది కట్టుకథేమోనన్న అనుమానం మళ్ళీ తలెత్తింది. తనమీద తనకే అసహ్యం వేసింది. పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చన అని అత్తగారు ఎప్పుడూ అనేదే గాని, ఆ రోగం తగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం చెప్పలేదు.

ఇంటికి వెళ్ళాక భర్తకి అంతా చెప్పింది. ఆయన నేను ముందే అన్నానుగా అంటాడని కాచుకుని ఉంది. ఆయన కంటి అద్దం తీసి పక్కన పెట్టి, తిన్నావా అని అడిగాడు.

మూడో వారంలో సంగతి బయటపడింది. పొరుగూరి ఆసుపత్రి స్టోరు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. ఫ్రిజ్ శుభ్రం చేస్తుంటే కాగితంలో ఉన్నవాటికంటే రెండు ఇన్సులిన్ పెట్టెలు ఎక్కువ కనబడ్డాయట. ఇన్నాళ్ళూ చూసుకోనందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. ఆ సరుకు వెళ్ళింది బుధవారం పొద్దున. ఆవిడ బస్సు చెడిపోయిన రోజు. ఆవిడ కోసం ఆగకుండా కోల్డ్‌రూమ్ తలుపు తీసి, ఏ పెట్టెలు ఎక్కించాలో చూపించింది మేనేజరే. కెమెరాలో అదంతా ఉంది. అందరూ చూశారు కూడా. మేనేజరు చేయి చూపించి సరుకు ఎక్కిస్తుంటే దాన్ని దొంగతనమని ఎవరు చూస్తారు?

ఆయన ఆ రోజు మధ్యాహ్నం దాకా గది తలుపు తీయలేదు. తర్వాత అందరినీ పిలిచి పొరపాటు జరిగిందన్నాడు. ఎవరివల్లో అనలేదు. మావటికి ఫోన్ చేసి మర్నాటి నుంచి రమ్మన్నాడు. ఆవిడ బల్ల మీద కొత్త నంబరు రాసిన చీటీ పెట్టించాడు.

మావటి వచ్చాడు. నలుగురూ చుట్టూ చేరి భుజం తట్టారు. తోడుదొంగలన్న పెద్దాయనే అందరికంటే గట్టిగా తట్టాడు. నాకు మొదటి నుంచీ తెలుసని ఒకరు, నేనైతే ఎప్పుడూ అనుకోలేదని ఇంకొకరు. ఆవిడ దూరం నుంచి విన్నది. వాళ్ళు అబద్ధం చెబుతున్నారా, నిజంగానే అలా గుర్తుందా అన్నది తెలియలేదు. ఆ రోజంతా అతను పెట్టెలు తెచ్చి దించిపోయాడు. పని మాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు. ఆ పని మాటల్లో కూడా అక్కా అన్నది లేదు.

సాయంత్రం బస్సు స్టాపులో ఇద్దరే మిగిలారు. అతను ఒక చివర నిలబడ్డాడు, ఆవిడ ఇంకో చివర బెంచీ మీద కూర్చుంది. బస్సులు ఆలస్యం. పావుగంటకి అతను వచ్చి, ఆవిడవైపు చూడకుండా, బెంచీ మీద మధ్యలో సంచి పెట్టి కూర్చున్నాడు. నిమిషం గడిచిందో లేదో తల గోడకి ఆన్చి నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది.

క్షమించాడా, కాళ్ళు లాగి కూర్చున్నాడా? అలవాటు కొద్దీ ఆవిడ అతని మొహం వైపు చూడబోయి, చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది. ముందు ఆవిడ బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఇంకో పది నిమిషాలకి అతని బస్సు మలుపు తిరిగింది. ఆవిడ అతని సంచి మీద రెండుసార్లు తట్టింది. అతను ఉలిక్కిపడి లేచి, ఒక్క క్షణం ఎక్కడున్నాడో తెలియనట్టు చూసి, సంచి అందుకుని పరుగున వెళ్ళి బస్సెక్కాడు.